దాయరా మీర్ మోమిన్: మన మట్టిల పడుకున్న మన చరిత్ర

(నగరంలో విద్యార్థులు, ఉద్యోగులు కలిసి జరుపుకున్న ఒక సభలో జర్నలిస్టు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను చరిత్ర గురించి మాట్లాడమన్నరు. నేను చరిత్ర ప్రొఫెసర్‌ను కాదు. డిగ్రీ చదివి పత్రికలల్ల పడ్డోణ్ణి. ఉద్యమంల మీ పక్కన్నే నడిచినోణ్ణి, మీతోటి టియర్ గ్యాస్ మింగినోణ్ణి. అందుకని పుస్తకం ముంగట పెట్టుకోని మాట్లాడను. ఒక ఖబరస్తాన్ గురించి మాట్లాడుత. ఇంత మంచి సభల శ్మశానం ముచ్చటేందని ఎవరన్న అనుకోవచ్చు. జరంత ఓపికతోని వినుండ్రి, ఎందుకో చెప్త.

2011 మార్చి 10 మీకు యాదికుంటది. మిలియన్ మార్చ్. ఎన్ని ముళ్ళకంచెలు వేసినా, ఎన్ని రైళ్ళు ఆపినా జనం ట్యాంక్‌బండ్ మీదికి వచ్చిండ్రు. ఆ రోజు కొన్ని విగ్రహాలు కూలినయి. కోపం ఎందుకొచ్చిందో మనకు ఎరుకే. మన చెరువు కట్ట మీద ముప్పై పైచిలుకు విగ్రహాలు పెట్టి, అండ్ల మనోళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టేటట్టు చేసిన్రు. ఆ కడుపుమంట అట్ల బయటికొచ్చింది. తర్వాత ఆ విగ్రహాలను మళ్ళ నిలబెట్టిండ్రు. అది వేరే సంగతి.

ఆ రోజులల్లనే మొగల్‌పురాల ఒక ముసలాయనతోటి నాకు పరిచయం అయింది. నేను చాచా అని పిలిచేది. ఒకనాడు చాయ్ తాగుకుంట నేను జోష్‌గ చెప్తున్న, "చాచా, మా చరిత్రను మాకు లేకుంట చేసిన్రు, మావోళ్ళ పేర్లు ఎక్కడా లేవు" అని. ఆయన అంతా విని నిమ్మలంగ అడిగిండు: "మీవోళ్ళు ఎవరు బేటా? ఒక పది పేర్లు చెప్పు." నేను ఏడు చెప్పిన. "ఈ ఏడుగురు ఎక్కడ పడుకున్నరో ఎరుకనా?" అన్నడు. నాకు ఒక్కటి సుత తెల్వదు. అప్పుడు చాచా అన్న మాట నేను ఇప్పటికీ మరువలె. "విగ్రహం కూలగొట్టుడు ఒక్క గంట పని బేటా. సమాధి ఊడ్చుడు రోజూ చేసే పని."

ఆ మాట తర్వాత ఆయనే నన్ను చెయ్యి పట్టుకోని దాయరాకు తీస్కపోయిండు.

నగరం గీసినోడు నగరంలనే

దాయరా అంటే గుండ్రంగ చుట్టు కట్టిన జాగ. చార్మినార్ దాటి సుల్తాన్‌షాహి దిక్కు పోతే దాయరా మీర్ మోమిన్ వస్తది. నాలుగు వందల యేండ్ల నాటి ఖబరస్తాన్. ఎన్ని తరాలు ఆ మట్టిల కలిసినయో లెక్కలేదు. సమాధి పక్కన సమాధి, సందుల సందు. పెద్దోళ్ళ సమాధి పక్కన్నే పేరు లేని పేదోడి సమాధి.

ఈ జాగను ఏర్పాటు చేసింది మీర్ మహమ్మద్ మోమిన్ అస్త్రాబాదీ. ఇరాన్‌ల అస్త్రాబాద్ ఆయన ఊరు. దాన్నే ఇప్పుడు గోర్గాన్ అంటున్నరు. 1581ల గోల్కొండకు వచ్చిండు. మహమ్మద్ కులీ కుతుబ్ షా దగ్గర పేష్వా అయిండు, అంటే ఇప్పటి భాషల ప్రధానమంత్రి. 1591ల మూసీ ఒడ్డున కొత్త నగరం కట్టాలనుకున్నప్పుడు దాని నక్ష గీసిన పెద్ద మెదడు ఈయనదే అంటరు. నడుమ చార్మినార్, అక్కడి నుంచి నాలుగు దిక్కులకు నాలుగు పెద్ద బాటలు, చుట్టూ బజార్లు, తోటలు, హమామ్‌లు, దవాఖానాలు. ఇయ్యాళ మనం చార్మినార్ కాడ నిలబడి నాలుగు దిక్కులు చూస్తే కనపడేది ఆయన ఆలోచనే.

ఆయన ఉత్త మంత్రి కాదు. కవి, పండితుడు. తూకాలు, కొలతల మీద రిసాలా మిఖ్దారియా అనే పుస్తకం రాసిండు. సైదాబాద్, మీర్‌పేట లాంటి ఊర్లు ఆయన వేసినవే అని చెప్తరు. అక్కడ ఉన్న మన ఉద్యోగ మిత్రులు ఎంతమందికి ఈ సంగతి ఎరుక? 1625 ప్రాంతంల చనిపోయిండు. నలభై యేండ్ల పైన ఈడనే ఉండి, ఈ దాయరాలనే పడుకున్నడు. కర్బలా నుంచి మట్టి తెప్పించి ఈ జాగల కలిపించిండని పాతబస్తీల పెద్దలు చెప్పుకుంటరు. ఆయన జీవిత చరిత్రను వెతికి వెతికి రాసింది మన మొహియుద్దీన్ ఖాద్రీ జోర్, ఇదారె అదబియాతె ఉర్దూను నిలబెట్టిన మనిషి. జోర్ సాబ్ మటుకు 1962ల కాశ్మీర్‌ల చనిపోయి అక్కడి మట్టిలనే కలిసిండు. ఇరాన్ మనిషి హైదరాబాద్ మట్టిల, హైదరాబాద్ మనిషి కాశ్మీర్ మట్టిల. మట్టికి మనుషులతోటి ఉండే చుట్టరికం అట్లుంటది.

ఉద్యమం నడిచినప్పుడు కొందరు ఏమన్నరు? "హైదరాబాద్‌ను మేమే కట్టినం, మేం రాకముందు ఈడ ఏమున్నది?" అన్నరు. టీవీల ముందర కూసోని లెక్కలు చెప్పిండ్రు. దాయరా ముంగట పోయి ఆ మాట అనమనాలె. 1956 కంటే 365 యేండ్ల ముందుగాల నక్ష గీసినాయన అక్కడనే ఉన్నడు.

చెరువు తవ్విచ్చినాయన

అదే దాయరాల ఇంకొక పెద్ద పేరు మీర్ ఆలం. అసలు పేరు సయ్యద్ అబుల్ ఖాసిం. తండ్రి ఇరాన్‌ల షూస్తర్ నుంచి వచ్చిండు, కొడుకు మాత్రం హైదరాబాద్‌లనే పుట్టిండు. 1804ల నిజాం దివాన్ అయిండు, 1808ల చనిపోయిండు. మీర్ ఆలం మండీల కూరగాయలు కొంటం, మీర్ ఆలం చెరువు మీంచి పోతం. మనిషి మటుకు యాదికి రాడు.

ఆ చెరువు కట్టను ఎప్పుడన్న మంచిగ చూసిన్రా? జూపార్క్ పక్కన్నే ఉంటది. అర్ధచంద్రాల లెక్క 21 కమాన్లు ఒకదాని పక్కన ఒకటి పేర్చి కట్టిన ఆనకట్ట. నీళ్ళ బరువు అంతా ఆ కమాన్ల మీద పడి పక్కలకు పంచుకపోతది. రెండు వందల యేండ్ల నుంచి నిలబడి ఉన్నది. ఇంజినీరింగ్ చదివే తమ్ముళ్ళు వేరే దేశాల డ్యాముల బొమ్మలు చూసి పరీక్ష రాస్తరు. మీ సిటీ బస్సు పోయే తొవ్వలనే ఈ పాఠం ఉన్నది.

నేను అన్నీ పొగుడుడే చెయ్యను. మీర్ ఆలం ఇంగ్లీషోళ్ళకు దోస్తు. 1799ల టిప్పు సుల్తాన్ మీద యుద్ధానికి నిజాం ఫౌజును నడిపించింది ఆయనే. ఆయన హయాంల కంపెనీ పట్టు హైదరాబాద్ మీద ఇంకింత బిగిసింది. చెరువు తవ్విచ్చిన పుణ్యం ఆయనదే, ఆ మచ్చ కూడా ఆయనదే. సమాధి కాడికి పోయినప్పుడు రెండూ చెప్పాలె. సగమే చెప్తే మనకూ, మన చరిత్రను దాచినోళ్ళకూ ఫరక్ ఏముంటది?

ఒకే సమాధి, రెండు లెక్కలు

దాయరాల సాలార్‌జంగ్ ఖాందాన్ సమాధులు ఉన్నయి. మొదటి సాలార్‌జంగ్ మీర్ తురాబ్ అలీ ఖాన్ మీర్ ఆలం ఖాందాన్‌కు చుట్టమే. 1853ల 24 యేండ్ల వయసుల దివాన్ అయిండు. అప్పుడు ఖజానా ఖాళీ. అదే యేడు అప్పుల కింద బేరార్‌ను కంపెనీకి అప్పజెప్పాల్సొచ్చింది. అసొంటి రాజ్యాన్ని ముప్పై యేండ్లు నడిపిండు. 1860లల్ల జిల్లాబందీ చేసి, పన్ను వసూలును గుత్తేదార్ల చేతుల నుంచి సర్కారు చేతులకు తెచ్చిండు. కోర్టులు, పోలీసు, మదర్సాలు వేరే వేరే శాఖలైనయి. 1874ల సికింద్రాబాద్ నుంచి వాడి దాకా రైలు నడిచింది. రెవెన్యూల పనిచేసే మిత్రులారా, మీరు ఇయ్యాళ కూసున్న కుర్చీలల్ల కొన్నిటికి పునాది అప్పుడే పడ్డది. 1883 ఫిబ్రవరి 8న కలరా తగిలి చనిపోయిండు.

ఇది ఒక లెక్క. ఇంకో లెక్క వినుండ్రి.

1857 జులై 17. హైదరాబాద్ జనం కోఠి రెసిడెన్సీ మీదికి పోయిన్రు. తర్వాత అదే ఉమెన్స్ కాలేజీ జాగ అయింది. ముందర నడిచింది ఇద్దరు, తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్. పుత్లిబౌలి దిక్కు ఇండ్లల్ల దూరి తెల్లోళ్ళ ఫిరంగులకు ఎదురు నిలబడ్డరు. నిజాం చెయ్యి జారితే దక్షిణం అంతా పోతదని తెల్లోళ్ళు గజగజ వణికిన రోజులు అవి. ఆ చెయ్యి జారకుంట పట్టుకున్నది ఎవరు? ఈ సాలార్‌జంగే. తుర్రెబాజ్ ఖాన్ దొరికిండు, శిక్ష పడ్డది. 1859 జనవరిల జైలు నుంచి తప్పించుకున్నడు. అదే నెల 24న తూప్రాన్ కాడ చంపేసిన్రు. శవాన్ని పట్నం తెచ్చి జనం చూసేటట్టు వేలాడదీసిన్రు. మౌల్వీ అలావుద్దీన్‌ను అండమాన్ పంపిన్రు, ఆయన అక్కడనే కన్ను మూసిండు.

"నువ్వేమన్న తుర్రెంఖాన్‌వా?" అని మన ఊర్లల్ల ఇప్పటికీ అంటరు. ఆ మాట ఈయన పేరు మీదనే వచ్చిందని పెద్దలు చెప్తరు. మాట మిగిలింది, కోఠిల ఆయన పేరు మీద ఒక రోడ్డు ఉన్నది. పోయి ఒక పువ్వు పెడుదమంటే దాయరాల ఆయనకు జాగ లేదు. తెల్లోళ్ళను కాపాడినాయనకు ఖాందాన్ సమాధులు, తెల్లోళ్ళతో కొట్లాడినాయనకు వేలాడదీసిన శవం. అందుకే నేనంట, ఖబరస్తాన్‌కు పోయినప్పుడు ఉన్న సమాధులను చూసుడు ఒక్కటే కాదు, లేని సమాధులను సుత లెక్కపెట్టాలె.

ముల్కీ లొల్లి ఈడనే మొదలు

ఉద్యోగ మిత్రులు మరీ శ్రద్ధగ వినాల్సిన ముచ్చట ఇది. సాలార్‌జంగ్ కొత్త కచేరీలు పెట్టినంక వాటిని నడిపేటందుకు ఉత్తరాది నుంచి చదువుకున్నోళ్ళను పిలిపించిండు. మొహ్సినుల్ ముల్క్, విఖారుల్ ముల్క్, చిరాగ్ అలీ, సయ్యద్ హుస్సేన్ బిల్గ్రామీ లాంటోళ్ళు అట్ల వచ్చినోళ్ళే. గొప్ప చదువరులు, అండ్ల అనుమానం లేదు. అయితే ఒకరు వస్తే వెనుక పదిమంది చుట్టాలు వచ్చిన్రు. కుర్చీలన్నీ నిండినయి. 1884ల దఫ్తర్ల భాష ఫార్సీ నుంచి ఉర్దూకు మారింది. ఆ ఉర్దూ మీద పట్టు ఎక్కువ ఉన్న ఉత్తరాదోళ్ళకు ఇంకింత కలిసొచ్చింది. ఈడ పుట్టిన పిల్లలు సదువుకోని బజార్ల నిలబడ్డరు. "ముల్క్ మాది, నౌకరి మీదా?" అని అడిగిన్రు. ముల్కీ, నాన్ ముల్కీ మాట అట్ల పుట్టింది.

1919ల నిజాం ఫర్మానా ఇచ్చిండు. 1952 సెప్టెంబర్‌ల సిటీ కాలేజీ కాడ ముల్కీ పిల్లల మీద కాల్పులు జరిగినయి. 1956ల పెద్దమనుషుల ఒప్పందం, 1969ల లేచిన ఉద్యమం, 1972ల ముల్కీ నిబంధనలు చెల్లుతయని సుప్రీంకోర్టు తీర్పు, 1973ల వాటిని ఎత్తేసుడు, 1985ల 610 జీవో. ఇవన్నీ మీకు నోటికి వచ్చు. ఈ తాడు రెండో కొసన ఎవరున్నరు? దాయరాల పడుకున్న మొదటి సాలార్‌జంగ్ ఉన్నడు.

మరి మనకు ఒక ప్రశ్న రావాలె. చాచా నన్ను అదే అడిగిండు. "మీర్ మోమిన్ ఇరాన్ నుంచి వచ్చిండు. మీర్ ఆలం తండ్రి ఇరాన్ నుంచి వచ్చిండు. వీళ్ళు మీవోళ్ళు ఎట్లయితరు బేటా? వీళ్ళు నాన్ ముల్కీలు కారా?"

నేను ఆ రోజు జవాబు చెప్పలేకపోయిన. ఇంటికి పోయి ముల్కీ నిబంధనను మళ్ళ చదివిన. అండ్ల ఏమున్నది? ఈ నేల మీద పుట్టినోడు ముల్కీ. బయట నుంచి వచ్చినోడైతే 15 యేండ్లు ఈడ స్థిరంగ ఉండాలె, పాత ఊరికి మళ్ళ పోయే ఆలోచన ఇడిసిపెట్టిన అని అఫిడవిట్ ఇయ్యాలె. అప్పుడు ఆయన సుత ముల్కీనే. చూసిన్రా, ముల్కీ అంటే రక్తం కాదు, కులం కాదు, మతం కాదు, మాట్లాడే యాస కాదు. నువ్వు ఈ నేలను నీదనుకున్నవా, లేక నాలుగు పైసలు సంపాయించుకోని పోయే జాగ అనుకున్నవా? అడిగింది ఇదొక్కటే.

నలభై యేండ్లు ఈడ బతికి, ఈడనే జాగ ఏర్పాటు చేస్కోని, ఈ మట్టిలనే పడుకున్న మీర్ మోమిన్ కంటే పెద్ద ముల్కీ ఎవరు? సమాధిని మించిన అఫిడవిట్ ఏమున్నది? నేను చాచాకు తర్వాత ఇదే చెప్పిన. ఆయన నవ్వి, "ఇప్పుడు నీ ఉద్యమం నాకు సమజైంది" అన్నడు.

మన ఉద్యమం మీద పడ్డ పెద్ద నింద ఏందంటే, వీళ్ళు బయటోళ్ళను ఎల్లగొడ్తరని. మన కొట్లాట ఎన్నడూ పొట్ట చేత పట్టుకోని వచ్చినోనితోటి కాదు. నీళ్ళు, నిధులు, నియామకాలల్ల మా వాటా మాకు కావాలన్నం. మా పెత్తనం మాకు కావాలన్నం. మా మాటను, మా బోనాన్ని, మా పీరీని ఎక్కిరించొద్దన్నం. ఈ ఫరకును నాకు పుస్తకాల కంటే దాయరానే మంచిగ నేర్పింది.

గడియారం చూసినం, మనిషిని చూడలె

మీరందరు బడిల ఉన్నప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియం టూర్ పోయే ఉంటరు. గంట కొట్టే టైంకు గడియారం ముందర కూసోని, చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొడ్తే చప్పట్లు కొట్టినం. ముసుగు రెబెక్కాను చూసి, రాయిల ఇంత పల్చటి ముసుగు ఎట్ల చెక్కిండని నోరు తెరిచినం. ఆ రెబెక్కాను 1876ల రోమ్‌ల కొన్నది మొదటి సాలార్‌జంగ్. మ్యూజియంల ఎక్కువ సామాను పోగుజేసింది మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్. 1912 నుంచి 1914 దాకా దివాన్‌గ ఉండి, ఆ పని ఇడిసిపెట్టి, బతికినన్ని రోజులు సొంత పైసలు పెట్టి కళాఖండాలు కొన్నడు. పెండ్లి చేసుకోలె, పిల్లలు లేరు. 1949 మార్చి 2న చనిపోయిండు. 1951 డిసెంబర్ 16న దివాన్ దేవిడీల నెహ్రూ మ్యూజియంను తెరిచిండు. 1961ల పార్లమెంటు చట్టంతోటి అది జాతీయ సంస్థ అయింది. 1968ల ఇప్పుడున్న బిల్డింగుకు మారింది.

ఆ మనిషి సుత దాయరాలనే పడుకున్నడు. మ్యూజియం కాడ లైను ఉంటది. మనం అందరం ఆ లైన్ల నిలబడ్డోళ్ళమే. దాయరాకు పోయినోళ్ళు ఈ సభల ఎంతమంది ఉన్నరు? చేతులు లేపుండ్రి. సరే, నేను లెక్కపెట్టను.

పాట కూడా ఈ మట్టిలనే

ఇంకొక్క పేరు చెప్పి దాయరా నుంచి బయటికొస్త. ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్. పాటియాలా ఘరానా. 1902ల కసూర్‌ల పుట్టిండు, అది ఇప్పుడు పాకిస్తాన్‌ల ఉన్నది. దేశం రెండు ముక్కలైనప్పుడు సొంతూరు అటు దిక్కు పడ్డది. కొన్నేండ్లు అక్కడ ఉండి, తన పాట వినేటోళ్ళు ఈడ ఉన్నరని తిరిగి వచ్చిండు. 1957ల భారత పౌరసత్వం దొరికింది. మొఘలే ఆజం సినిమాల తాన్‌సేన్‌కు గొంతు ఇచ్చింది ఆయనే. 1962ల పద్మభూషణ్ వచ్చింది. ఆఖరి దినాలల్ల ఒంట్ల బాగలేనప్పుడు హైదరాబాద్ ఆయనను అరుసుకున్నది. బషీర్‌బాగ్ ప్యాలెస్‌ల ఉన్నడు. 1968 ఏప్రిల్‌ల కన్ను మూసిండు. దాయరా మీర్ మోమిన్‌ల పడుకున్నడు.

సరిహద్దు గీసినోళ్ళు ఆయనను ఏ దిక్కు మనిషివని అడిగిన్రు. హైదరాబాద్ ఏమీ అడగకుంట ఆరడుగుల జాగ ఇచ్చింది. ఇది మన నగరం గుణం. ఈ గుణం గురించి మనం గట్టిగ చెప్పుకోకపోతే, మన నగరం అంటే బిర్యానీ, ఫ్లైఓవర్లు, భూముల రేట్లు అంతే అనుకుంటరు పుట్టబోయే పిల్లలు.

మిగిలిన జాగల్ల మనోళ్ళు

దాయరా ఒక్కటే కాదు. నాంపల్లి యూసుఫైన్ దర్గాకు పోండ్రి. ఉర్దూ గజల్‌కు రాజు అసొంటి దాగ్ దెహల్వీ, ఆయన సాటి కవి అమీర్ మీనాయి అక్కడనే ఉన్నరు. ఇద్దరూ బయట నుంచి వచ్చి హైదరాబాద్‌లనే కన్ను మూసినోళ్ళు. నాంపల్లిలనే షా ఖామోష్ ఖబరస్తాన్‌ల మన మఖ్దూం మొహియుద్దీన్ ఉన్నడు. మెదక్ జిల్లా ఆందోల్‌ల పుట్టి, సిటీ కాలేజీల పాఠాలు చెప్పి, సాయుధ పోరాటంల దూకి, హుజూర్‌నగర్ నుంచి అసెంబ్లీకి పోయి, 1969 ఆగస్టు 25న ఢిల్లీల చనిపోయిండు. పట్నం బిడ్డను పట్నం మట్టికే తెచ్చిన్రు. ఖామోష్ అంటే మౌనం. జనాన్ని మాట్లాడిచ్చిన కవి మౌనం పేరున్న జాగల పడుకున్నడు.

మౌలాలి గుట్ట కింద మహ్ లఖా బాయి చందా ఉన్నది. తల్లి కోసం కట్టిచ్చిన సమాధి పక్కన్నే తనూ పడుకున్నది. దీవాన్ అచ్చయిన తొలి ఉర్దూ కవయిత్రుల్ల ఆమె ఒకరు. ఆమె జాగీరు భూములు అడిక్‌మెట్ దిక్కు ఉండేవని, ఆ నేల మీదనే తర్వాత ఉస్మానియా యూనివర్సిటీ లేచిందని చెప్తరు. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూసోని నినాదాలిచ్చిన చెల్లెళ్ళారా, మీ కాళ్ళ కింది నేల ఒక కవయిత్రిది.

ఇగ నా కులపోడు ఒకడున్నడు. కులం అంటే జర్నలిస్టు కులం. షోయబుల్లా ఖాన్. మహబూబాబాద్ దిక్కు సుబ్రవేడుల పుట్టి, ఉస్మానియాల డిగ్రీ చదివి, ఇమ్రోజ్ పత్రిక నడిపిండు. రజాకార్లు చేసే జులుంను రజాకార్ల పట్నంలనే కూసోని రాసిండు. 1948 ఆగస్టుల ఒక రాత్రి పత్రిక పని ముగించుకోని ఇంటికి పోతుంటే కాచిగూడ దిక్కు మాటేసి కాల్చిన్రు, రాసిన చెయ్యిని నరికిన్రు. 22న తెల్లారేసరికి ప్రాణం పోయింది. ముప్పై యేండ్లు సుత నిండలె. గోషామహల్ దిక్కు మాలకుంటల మట్టి చేసిన్రు. నా కంటే చిన్న వయసుల పోయిండు. రాత్రి డ్యూటీ దిగి బండి మీద ఇంటికి పోయేటప్పుడు ఆయన నాకు యాదికొస్తడు.

నిజాం రాజ్యం అంతా బంగారం అని నేను అంటలేను. వెట్టి ఉన్నది, జాగీర్దార్ల జులుం ఉన్నది, రజాకార్లు ఉన్నరు. ఆ రాజ్యం కట్టిన ఉస్మాన్‌సాగర్ మనదే, ఆ రాజ్యం మీద కొట్లాడి పోయిన షోయబుల్లా మనోడే. రెంటినీ మొయ్యగలిగినోడే ఈ నేల వారసుడు.

రాష్ట్రం వచ్చినంక మన పని

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. అంతకు ముందర మన చరిత్రను ఎవలు దాచిన్రంటే వేలు ఎత్తి చూపెట్టినం. ఇప్పుడు ఆ వేలు ఎటు తిప్పాలె? పాఠ్యపుస్తకం మన చేతుల ఉన్నది. మున్సిపాలిటీ మన చేతుల ఉన్నది. అయినా పట్నంల పాత ఖబరస్తాన్‌ల జాగలు కబ్జాలకు చిక్కుతనే ఉన్నయి. సమాధుల మీద అక్షరాలు చెదిరిపోతనే ఉన్నయి. ఇది ఆంధ్ర పాలకుల మీద వేసే నింద కాదు. ఇది మన మీద మనం వేసుకోవాల్సిన నింద.

నేను పెద్ద పెద్ద డిమాండ్లు పెట్టను. నాలుగు పనులు చెప్త.

మొదటిది విద్యార్థులకు. పదిమంది ఒక గుంపుగ, ఒక్కొక్క ఆదివారం ఒక్కొక్క ఖబరస్తాన్ పట్టుకోండ్రి. ముజావర్‌ను, అక్కడి పెద్దలను అడిగి, ఒప్పుకుంటేనే లోపలికి పోండ్రి. అవి తమాషా చూసే జాగలు కావు, ఇప్పటికీ తమ వాళ్ళ కోసం ఏడ్చే కుటుంబాల జాగలు. రాళ్ళ మీద ఉన్న పేరు, తారీఖు చదివి రాసుకోండ్రి. ఉర్దూ, ఫార్సీ రాకపోతే వచ్చినోళ్ళను తోలుకపోండ్రి. ఆ వంకతోనన్న పాతబస్తీకి, యూనివర్సిటీకి నడుమ ఉన్న దూరం తగ్గుతది.

రెండోది ఉద్యోగులకు. రెవెన్యూ, సర్వే, మున్సిపల్, వక్ఫ్ దఫ్తర్లల్ల మనోళ్ళు ఉన్నరు. పాత నక్షలు మీ బీరువాలల్లనే ఉన్నయి. ఏ ఖబరస్తాన్ హద్దు ఏడిదాక ఉన్నదో అసలు కాగితం మీ చేతుల ఉన్నది. దాన్ని బయటికి తీసుడు మీ ఉద్యోగ ధర్మమే, ఎవరికీ మెహర్బానీ కాదు.

మూడోది, ప్రతి పెద్ద సమాధి కాడ తెలుగుల, ఉర్దూల, ఇంగ్లీషుల ఒక చిన్న బోర్డు ఉండాలె. పేరు, పుట్టిన యేడు, పోయిన యేడు, చేసిన పని. మంచి, చెడు రెండూ. పాలరాయి అక్కరలేదు, రేకు బోర్డు చాలు.

నాలుగోది, సమాధి లేనోళ్ళకు. తూప్రాన్ కాడ చచ్చిపోయిన తుర్రెబాజ్ ఖాన్ నుంచి, 1969ల తూటాలకు నేలరాలిన పిల్లల దాకా, మలిదశల తమను తామే కాల్చుకున్న తమ్ముళ్ళ దాకా, వాళ్ళ పేర్లు, ఊర్లు, తారీఖులు ఒక్క కాడ సరిగ్గ రాసి పెట్టాలె. పేరు రాయని త్యాగం తర్వాతి తరానికి ఉత్త లెక్కే అయితది.

చాచా ఇప్పుడు లేడు. ఆయన కూడా పాతబస్తీ మట్టిలనే కలిసిండు. పోయేముందు ఒకసారి నన్ను అడిగిండు: "మీ తెలంగాణల మేం ఉన్నమా బేటా?" నేను అన్న, "చాచా, మీరు లేకపోతే అది తెలంగాణ ఎట్లయితది?" ఆ మాట నేను ఆయనకు ఇచ్చిన. దాన్ని నిలబెట్టుడు నా ఒక్కని తోటి అయ్యే పని కాదు. అందుకే మీ ముందర నిలబడి చెప్తున్న.

వచ్చే ఆదివారం పొద్దుగాల చార్మినార్ కాడ ఉంట. వచ్చేటోళ్ళు రాండ్రి. కెమెరాలు వద్దు. ఒక నోటుబుక్కు, ఒక పెన్ను, ఒక చీపురుకట్ట తెచ్చుకోండ్రి.

జై తెలంగాణ.